సీలింగ్ ఫ్యాను ఇంట్లో మనమే సరిగ్గా బిగించుకోవడం ఎలా?

ఉగాది దాటిన దగ్గర నుంచి విజయనగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కొత్త ఫ్యాను బిగించినా గాలి ఎందుకు తగలడం లేదు? తిరిగేటప్పుడు ఊగుతోంది, ఊడి పడుతుందా? పెంకుటింట్లో, రేకుల ఇంట్లో ఫ్యాను దేనికి వేలాడదీయాలి? ఎండలు ముదిరాక ఎలక్ట్రీషియన్ దొరకక తామే బిగించుకుందామనుకొనేవారు కొందరైతే, వచ్చిన మనిషి సరిగ్గా బిగించాడో లేదో తెలుసుకోవాలనుకొనేవారు మరికొందరు. ఇద్దరికీ పనికివచ్చేలా పని జరిగే వరుసలోనే రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో ఉంచుకోండి. ఫ్యాను పనిలో తీగలు కలపడం పావుగంటలో అయిపోతుంది. కొక్కెం, బోల్టు, పిన్ను సరిచూడడమే అసలు పని. నాలుగు నుంచి ఆరు కిలోల బరువున్న వస్తువు నిమిషానికి 350 నుంచి 400 సార్లు తిరుగుతూ ఏళ్ల తరబడి మనం పడుకొనే మంచం మీద వేలాడుతుంది కాబట్టి, కింద రాసిన మెట్లలో బరువు మోసే భాగాలకు సంబంధించినది ఏదీ దాటవేయకండి.

కొనేటప్పుడు

గది పది అడుగులకు పన్నెండు లేదా పన్నెండుకు పన్నెండు ఉంటే 1200 మిల్లీమీటర్ల ఫ్యాను, అంటే దుకాణంలో 48 అంగుళాలనే మామూలు సైజు సరిపోతుంది. వంటగది, చిన్న పడకగది వంటి వాటికి 900 మిల్లీమీటర్లది చాలు. ఇరవై అడుగుల పొడవున్న హాలుకు పెద్ద ఫ్యాను ఒకటి నడిమధ్య పెట్టడం కన్నా మామూలు సైజువి రెండు, పొడవును రెండు భాగాలు చేసి ఒక్కో భాగం మధ్యలో పెట్టడం మంచిది.

మామూలు ఫ్యాను 75 వాట్ల వరకు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగేది, దాదాపు అంతే గాలిని 30 వాట్లకు అటూ ఇటూగా ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిప్పితే మొదటిది నెలకు సుమారు 34 యూనిట్లు, రెండోది 13 లేదా 14 యూనిట్లు కాలుస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద ఆధారపడే ఇళ్లకు, సాయంత్రం ఓల్టేజి పడిపోయే పల్లెలకు నేను బీఎల్‌డీసీ ఫ్యానునే కొనమని చెబుతాను. ఓల్టేజి తగ్గినా దాని వేగం పెద్దగా తగ్గదు, అదే బ్యాటరీ మీద రెండింతలకు పైగా సేపు తిరుగుతుంది. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి, లేబుల్ లేని పాత సరుకు తక్కువ ధరకు ఇస్తామన్నా తీసుకోకండి.

కొనడానికి వెళ్లే ముందు నేల నుంచి పైకప్పు వరకు ఎత్తు కొలుచుకొని వెళ్లండి. రెక్కలు నేల నుంచి ఎనిమిది లేదా ఎనిమిదిన్నర అడుగుల ఎత్తున తిరిగితే గాలి బాగా తగులుతుంది. ఏడు అడుగుల కన్నా కిందికి మాత్రం ఏ పరిస్థితిలోనూ రాకూడదు. రెక్కలకు, పైకప్పుకు మధ్య కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి. అది లేకపోతే పై నుంచి లాక్కోవడానికి ఫ్యానుకు గాలి అందదు. గాలి తగలడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. పది అడుగుల స్లాబుకు పెట్టెలో వచ్చే రాడ్డే సరిపోతుంది. పెంకుటింట్లో దూలం పన్నెండు అడుగుల ఎత్తున ఉంటే పొడవైన రాడ్డు విడిగా కొనాలి. రెండు పొట్టి రాడ్లను వెల్డింగ్ చేయించి అతికించకండి. అతుకు వద్ద విరిగిందంటే ఆపే ఉపాయం ఏదీ ఉండదు.

దగ్గర పెట్టుకోవలసినవి

కదలని మడత నిచ్చెన, టెస్టర్, స్క్రూడ్రైవర్లు, రెండు స్పానర్లు, కటింగ్ ప్లయర్, ఇన్సులేషన్ టేపు, కొలత టేపు, టార్చిలైటు, కొత్త స్ప్లిట్ పిన్నులు రెండు, కొత్త రబ్బరు బుష్షు ఒకటి. కాళ్లకు పొడి రబ్బరు చెప్పులు వేసుకోండి. వీటన్నిటికన్నా ముఖ్యంగా రెండో మనిషి ఉండాలి. ఫ్యానును ఒక చేత్తో మోస్తూ మరో చేత్తో బోల్టు దూర్చే సాహసం చేయకండి. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కడం మన ఇళ్లలో అలవాటే గాని, ఈ పనికి అది అసలు తగదు.

బిగించే క్రమం

1. కరెంటు ఆపండి, ఆగిందో లేదో పరీక్షించండి.

స్విచ్ ఆపితే చాలదు. మీటరు పక్కన ఉన్న మెయిన్ లేదా ఆ గదికి వెళ్లే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఉండే చిన్న బ్రేకరు స్విచ్) దించండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని కూడా ఆపి, దాని నుంచి ఇంటి వైరింగుకు వెళ్లే ప్లగ్గు పీకేయండి. ఇది చాలామందికి తట్టదు. నేను పని నేర్చుకొనే రోజుల్లో చీపురుపల్లిలో ఒక ఇంట్లో మెయిన్ దించి, అంతా ఆగిపోయిందన్న నమ్మకంతో పైకి ఎక్కి తీగ పట్టుకున్నాను. మెయిన్ పోగానే ఇన్వర్టర్ అందుకుంది. నిచ్చెన మీద నుంచి పడ్డాను, ఎడమ మణికట్టు విరిగింది. తప్పు నాదే, పరీక్షించకుండా పట్టుకున్నాను. అందుకే ఆ వరుస ఇప్పటికీ మారనివ్వను: మొదట కరెంటు ఉన్నదని తెలిసిన సాకెట్‌లో టెస్టర్ పెట్టి అది వెలుగుతోందో లేదో చూస్తాను, తరువాత పైకప్పు దగ్గర రెండు తీగలకూ విడివిడిగా పెడతాను, కిందికి దిగి టెస్టర్ పాడవలేదని మరోసారి సాకెట్‌లో చూసుకుంటాను. పట్టపగలు టెస్టర్ వెలుగు సరిగ్గా కనబడదు కాబట్టి చేయి అడ్డం పెట్టి చూడాలి.

2. కొక్కేన్ని పరీక్షించండి.

స్లాబు పోసేటప్పుడే ఇనుప చువ్వలకు కట్టి వేసిన కొక్కెం అన్నిటికన్నా నమ్మదగినది. అయినా పాత కొక్కెం మీద కొత్త ఫ్యాను వేసే ముందు టార్చి వెలుతురులో దాన్ని దగ్గరగా చూడండి. కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి ఇనుము లోపలి నుంచి పొరలు పొరలుగా లేచిపోతుంది. పైన వేసిన రంగు మాత్రం బాగానే కనబడుతుంది. స్క్రూడ్రైవర్ కొసతో కొక్కెం వంపు లోపలి వైపు, షాకిల్ (రాడ్డును కొక్కేనికి తగిలించే యూ ఆకారపు ఇనుప పట్టీ) కూర్చొనే చోట, గట్టిగా గీకి చూడండి. రంగు లేచి మెరిసే ఇనుము కనబడితే ఫరవాలేదు. ఎర్రటి పొట్టు పెచ్చులుగా రాలుతూ ఎంత గీకినా గట్టి ఇనుము తగలకపోతే ఆ కొక్కేన్ని వాడకండి. ఏళ్ల తరబడి రాపిడికి వంపు సన్నబడి, గాడి పడి ఉన్నా అంతే. చుట్టూ సిమెంటు పగిలి, స్లాబు చువ్వలు బయటపడి ఉంటే ఫ్యాను సంగతి పక్కన పెట్టి ముందు తాపీ మేస్త్రీకి చూపించండి.

కొక్కెం బాగుందనిపించినా బరువు వేలాడదీసి చూడడం మేలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యానును నిండుగా నింపి, గట్టి తాడుతో కొక్కేనికి కట్టి, కింద ఎవరినీ తిరగనివ్వకుండా గంటసేపు వదిలేయండి. అది ఇరవై కిలోలు, అంటే ఫ్యాను బరువుకు మూడు నుంచి ఐదింతలు. గంట తరువాత కొక్కెం వంగినా, చుట్టూ సన్నటి చీలిక కనబడినా, సిమెంటు పొడి రాలినా అది పనికిరాదు.

మరొక మాట. చంటిపిల్లల చీర ఉయ్యాలను ఫ్యాను కొక్కేనికి కట్టే అలవాటు మన వైపు ఉంది. ఉయ్యాల అటూ ఇటూ లాగే బరువు వేరు, ఫ్యాను నిలువుగా వేలాడే బరువు వేరు. ఉయ్యాలకు వేరే కొక్కెం వేయించుకోండి. దోమతెర తాడు కూడా ఫ్యానుకు గాని రాడ్డుకు గాని కట్టవద్దు.

3. రాడ్డును, మోటారును కిందనే కలపండి.

నేల మీద పాత దుప్పటి పరిచి మోటారును దాని మీద పెట్టండి. మోటారు తీగలను రాడ్డు లోపల నుంచి పైకి లాగండి. ఇక్కడే తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. రెండు కప్పులను, అంటే బోల్టులను, తీగలను దాచే గిన్నెల్లాంటి మూతలను, రాడ్డుకు ముందుగా తొడగడం మరచిపోయి, అంతా బిగించి పైకెత్తాక గుర్తుకు వచ్చి, మళ్లీ మొత్తం విప్పవలసి వస్తుంది. కింది కప్పు మోటారు వైపు, పై కప్పు పైకప్పు వైపు తెరుచుకొనేలా రెండూ ఇప్పుడే తొడగండి.

రాడ్డు కింది కొసను మోటారు గొట్టంలో దింపి, రంధ్రాలు ఎదురెదురుగా వచ్చేలా తిప్పి, బోల్టు దూర్చి నట్టు బిగించండి. బోల్టు కొసన చిన్న రంధ్రం ఉంటుంది. అందులో స్ప్లిట్ పిన్ను దూర్చి దాని రెండు కాళ్లను విడదీసి చెరో వైపుకు వంచండి. పక్కన ఉండే చిన్న బిగింపు స్క్రూను కూడా రాడ్డుకు ఆనేలా గట్టిగా తిప్పండి.

ఈ పిన్ను గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. నరసన్నపేటలో మా మేనత్తగారి ఇంట్లో ఒక రాత్రి ఫ్యాను ఊడి మంచం మీద పడింది. ఉక్కపోతకు ఆవిడ అరుగు మీద పడుకోవడం వల్ల ప్రాణం దక్కింది. తెల్లవారి వెళ్లి చూస్తే కొక్కెం చెక్కుచెదరలేదు, రాడ్డు విరగలేదు. మోటారు దగ్గర బోల్టు మాత్రం లేదు. దాని నట్టు కింది కప్పులోనే పడి ఉంది, మరలు అరగలేదు, కొత్త నట్టులాగే ఉంది. బిగించిన మనిషి నట్టును గట్టిగానే బిగించాడు గాని పిన్ను పెట్టలేదు. ఏళ్ల తరబడి వణుకుకు ఆ నట్టు కొద్దికొద్దిగా తిరుగుతూ వచ్చి ఊడింది. పిన్ను ఉండి ఉంటే నట్టు ఎంత వదులైనా బోల్టు జారేది కాదు. పాత పిన్నును సాగదీసి మళ్లీ వాడినా, పిన్నుకు బదులు తీగ ముక్క చుట్టినా ఆ భద్రత రాదు. ఫ్యానుతో వచ్చినదాన్ని, లేదా కొత్తగా కొన్నదాన్నే వాడండి.

4. పై కొసకు షాకిల్‌ను, రబ్బరు బుష్షును అమర్చండి.

రబ్బరు బుష్షు కొక్కెం వంపులో కూర్చుంటుంది, షాకిల్ బోల్టు దాని మధ్య నుంచి వెళుతుంది. బుష్షు గట్టిపడి పగిలితే ఇనుము ఇనుముతో రాసుకొని కిర్రుకిర్రుమనే చప్పుడు వస్తుంది, కొక్కెం కూడా అరుగుతుంది. పాత ఫ్యాను దించి మళ్లీ ఎక్కించే ప్రతిసారీ బుష్షు మార్చండి. ఈ బోల్టుకు కూడా స్ప్లిట్ పిన్ను తప్పనిసరి. అంటే మొత్తం ఫ్యానుకు కనీసం రెండు పిన్నులు, పైన ఒకటి, కింద ఒకటి. కొన్ని ఫ్యాన్లకు షాకిల్‌ను రాడ్డుకు కలిపే చోట మూడో బోల్టు ఉంటుంది, దానికీ పిన్ను ఉండాలి.

5. రెక్కలు లేకుండా మోటారును పైకెత్తి వేలాడదీయండి.

ఒకరు మోటారును రెండు చేతులతో మోయాలి, మరొకరు బోల్టు, నట్టు, పిన్ను బిగించాలి. పిన్ను కాళ్లు వంచేవరకు మోస్తున్న మనిషి చేతులు తీయకూడదు. తరువాత రాడ్డును పట్టుకొని కొద్దిగా కిందికి లాగి చూడండి.

6. తీగలు కలపండి.

పైకప్పు నుంచి రెండు తీగలు వస్తాయి. ఎరుపు గాని పసుపు గాని నీలం గాని ఉంటే ఫేజు, నలుపు ఉంటే న్యూట్రల్, ఆకుపచ్చ తీగ ఉంటే అది ఎర్తు. పాత ఇళ్లలో ఈ రంగుల పద్ధతి పాటించి ఉండకపోవచ్చు, అందుకే టెస్టర్‌నే నమ్మాలి. ఫ్యాను వైపు తీగల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి పెట్టెలో ఇచ్చిన బొమ్మ చూసి కలపండి. కెపాసిటర్ (మోటారు తిరగడానికి తోడ్పడే చిన్న డబ్బా) తీగలు తారుమారైతే ఫ్యాను తిరుగుతుంది గాని ఎదురు దిశలో తిరుగుతుంది. పాత ఫ్యాను కెపాసిటర్‌లో కొంత కరెంటు నిలిచి ఉండవచ్చు, దాని రెండు కొసలను ఒకేసారి వేళ్లతో ముట్టుకోకండి.

తీగల కొసలను మెలిపెట్టి టేపు చుట్టి వదిలేయకుండా కనెక్టర్‌లోనే బిగించండి. బిగించాక ఒక్కో తీగను లాగి చూడండి. రాగి పోగు ఒక్కటి కూడా బయటకు కనబడకూడదు. ఎర్తు తీగ ఉంటే ఫ్యానుకు ఇచ్చిన చోట తప్పక కలపండి. పెద్ద సంఖ్యలో పాత ఇళ్లలో అది ఉండదు. అటువంటి ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) ఒకటి మెయిన్ దగ్గర పెట్టించుకోవడం నేను అందరికీ ఇచ్చే సలహా.

బీఎల్‌డీసీ ఫ్యానుకు గోడ మీది పాత రెగ్యులేటర్ పనికిరాదు. దాన్ని వైరింగు నుంచి తప్పించి, స్విచ్ నుంచి నేరుగా కలపాలి. లేకపోతే ఫ్యాను ఆగి ఆగి తిరుగుతుంది, లోపలి సర్క్యూట్ పాడవుతుంది. స్విచ్‌బోర్డు విప్పడం మీకు అలవాటు లేని పనైతే ఈ ఒక్క భాగానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

7. కప్పులు బిగించండి.

పై కప్పును స్లాబుకు ఆనించకండి, కొద్దిగా ఖాళీ వదలండి. ఆనితే వణుకు స్లాబుకు పాకి, రాత్రి నిశ్శబ్దంలో గుయ్ మనే శబ్దం వినబడుతుంది.

8. రెక్కలు బిగించండి.

ఒక ఫ్యాను రెక్కలను ఒకే బరువుకు సరిపోల్చి పెట్టెలో పెడతారు. రెండు ఫ్యాన్లు ఒకేసారి విప్పినప్పుడు వాటి రెక్కలు కలిసిపోకుండా చూసుకోండి. ఒక రెక్కను పూర్తిగా బిగించి రెండోదానికి వెళ్లడం కన్నా, అన్ని రెక్కల స్క్రూలను సగం వరకు తిప్పి, తరువాత వరుసగా బిగించుకుంటూ రండి. వాషర్లు ఒక్కటి కూడా తగ్గకూడదు. రెక్కలను పట్టుకొని ఫ్యానును ఎత్తడం, నిచ్చెన దిగేటప్పుడు రెక్క మీద చేయి వేయడం వల్ల అవి వంగుతాయి, ఆ వంపు కంటికి కనబడదు.

తిప్పి చూసే పద్ధతి

కరెంటు ఇవ్వక ముందు చేత్తో మెల్లగా తిప్పండి. రాపిడి లేకుండా కొన్ని చుట్లు తిరిగి దానంతట అది ఆగాలి. తరువాత మెయిన్ వేసి, అతి తక్కువ వేగంలో మొదలుపెట్టి, ఒక్కో అంకె పెంచుతూ రెండేసి నిమిషాలు గమనించండి. కింద నుంచి చూస్తే రెక్కలు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగాలి. కిందికి గాలి రావాలి. అగరువత్తి వెలిగించి ఫ్యాను కింద పట్టుకుంటే పొగ నేల వైపు పరుచుకోవాలి. అది పైకి లాక్కుపోతుంటే దిశ తప్పింది, మళ్లీ కరెంటు ఆపి కెపాసిటర్ తీగలు సరిచూడండి.

మరో పరీక్ష అందరూ చేయవలసినది. ఫ్యాను స్విచ్ ఆపి, మెయిన్ వేసి ఉంచి, కప్పు కిందికి దించి కనెక్టర్ స్క్రూకు టెస్టర్ పెట్టండి. స్విచ్ ఆపినా టెస్టర్ వెలిగితే మీ ఇంట్లో స్విచ్‌ను ఫేజుకు కాకుండా న్యూట్రల్‌కు వేశారన్నమాట. ఫ్యాను మామూలుగానే తిరుగుతుంది, ఆగుతుంది, కాని ఆగి ఉన్నప్పుడు కూడా దానికి కరెంటు అందుతూనే ఉంటుంది. దుమ్ము తుడుస్తూ తడిగుడ్డతో ముట్టుకుంటే ప్రమాదం. బోర్డు సరిచేయించేవరకు ఆ ఫ్యానును శుభ్రం చేయవలసివస్తే మెయిన్ దించే చేయండి.

ఊగుతుంటే

కొక్కేనికి వేలాడే ఫ్యాను పూర్తి వేగంలో కొద్దిగా కదలడం సహజం. మోటారు స్పష్టంగా ఒక వైపుకు గిరగిరా ఊగితే, రాడ్డు వలయంలా తిరుగుతుంటే మాత్రం సరిచేయాలి. మొదట అన్ని స్క్రూలూ బిగువుగా ఉన్నాయా చూడండి, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. తరువాత రెక్కల మీది దుమ్ము పూర్తిగా తుడవండి. అప్పటికీ ఊగితే ఫ్యాను ఆపి, ఒక పొడవైన కర్రను పైకప్పుకు నిలువుగా ఆనించి, ఒక రెక్క కొస ఎక్కడ తగులుతోందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. కర్రను కదపకుండా ఫ్యానును చేత్తో తిప్పి, మిగతా రెక్కల కొసలు అదే గుర్తుకు వస్తున్నాయో లేదో చూడండి. ఒక రెక్క పావు అంగుళం పైకి గాని కిందికి గాని ఉంటే దాని పట్టీ వంగినట్టే. చేతులతో చాలా మెల్లగా వంచి అదే ఎత్తుకు తీసుకురండి. ఒక రెక్క కొస నుంచి పక్క రెక్క కొసకు దూరాన్ని కూడా టేపుతో కొలవండి, మూడు దూరాలూ ఒకటే రావాలి.

ఎత్తులు, దూరాలు సరిగ్గా ఉండి కూడా ఊగితే బరువులో తేడా ఉన్నట్టు. ఒక రూపాయి బిళ్లను ఒక రెక్క పై వైపు మధ్యలో టేపుతో గట్టిగా అతికించి తిప్పి చూడండి, తరువాత రెండో రెక్కకు, మూడోదానికి. ఏ రెక్కకు అతికించినప్పుడు ఊగుడు తగ్గుతుందో ఆ రెక్క తేలికగా ఉందని అర్థం. బిళ్లను కొస వైపుకు జరుపుతూ పూర్తిగా తగ్గే చోటు పట్టుకోండి. పరీక్షించేటప్పుడు కింద ఎవరూ నిలబడకూడదు, టేపు ఊడితే బిళ్ల రాయిలా వస్తుంది. చోటు తెలిశాక ఫ్యాను దుకాణాల్లో దొరికే అతికే బరువును అక్కడ పెట్టవచ్చు.

ఫ్యాను కొన్నేళ్లు బాగానే తిరిగి ఇప్పుడు నెమ్మదించినట్లయితే ముందు కెపాసిటర్ మార్చండి. చాలా ఫ్యాన్లలో అది 2.5 మైక్రోఫారడ్లది, కొన్నిటిలో వేరే విలువ ఉంటుంది. పాతదాని మీద ఉన్న అంకె చూసి అదే తెచ్చుకోండి. ఎక్కువ విలువ వేస్తే వేగం పెరుగుతుందని కొందరు వేయిస్తారు, దానివల్ల మోటారు వేడెక్కి వైండింగు కాలుతుంది. ఇంట్లో దీపాలు కూడా మందగించి ఉంటే లోపం ఫ్యానుది కాదు, ఓల్టేజిది. అప్పుడు తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పండి.

స్లాబు ఇల్లు కాకపోతే

పెంకుటింట్లో ఫ్యానును దూలానికే వేలాడదీయాలి, వాసాలకు వద్దు. దూలాన్ని చుట్టి పట్టుకొనే ఇనుప పట్టీని, అంటే రెండు బోల్టులతో బిగించే క్లాంపును, మీ దూలం కొలతకు వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. దూలానికి చెద పట్టిందేమో సుత్తితో తట్టి చూడండి. గుల్లగా మోగితే వద్దు. దూలంలోకి మేకులా తిప్పే కొక్కెం ఎంత లావుదైనా ఏళ్లు గడిచేకొద్దీ వదులవుతుంది.

రేకుల ఇంట్లో రేకుకు గాని, రేకును పట్టే సన్నటి ఇనుప యాంగిళ్లకు గాని ఫ్యాను కట్టవద్దు. గోడ నుంచి గోడకు ఆనేలా రెండంగుళాల లావు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపును వేయించి, దాని మీద క్లాంపు పెట్టి వేలాడదీయండి. రేకు కింద గాలి కొలిమిలా ఉంటుంది, దానికి దగ్గరగా ఫ్యాను పెడితే ఆ వేడిగాలినే మీ మీదికి తోస్తుంది. ఈ ఇళ్లలో నేను రెక్కలకు, రేకుకు మధ్య రెండు అడుగులు ఉండేలా చూస్తాను.

కొక్కెం లేని స్లాబుకు విస్తరించి పట్టే యాంకర్ ఫాస్టెనర్ కొక్కెం వాడవచ్చు. పొట్లం మీద రాసిన సైజు బిట్టుతోనే, రాసినంత లోతుగా రంధ్రం చేయాలి. ఒక సైజు పెద్ద బిట్టు వాడితే ఫాస్టెనర్ పట్టినట్టే ఉండి జారుతుంది. స్లాబులో తీగల పైపు ఎటు వెళుతోందో తెలియకుండా డ్రిల్లు పెట్టకండి. ఇరవై లీటర్ల క్యాను పరీక్ష ఇక్కడ తప్పించుకోరానిది.

ఫ్యాను తిరుగుతున్నా ఉక్కగా ఉంటే

ఫ్యాను గదిని చల్లబరచదు, మన ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి నీళ్ల కూలర్ గదిలో తేమను ఇంకా పెంచి ఉక్కను పెంచుతుంది. తలుపులు మూసి కూలర్ పెట్టడం కన్నా, ఎదురెదురు కిటికీలు తెరిచి ఫ్యాను తిప్పడం శ్రీకాకుళం, విజయనగరం వాతావరణానికి తగిన పద్ధతి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు పడమటి కిటికీలు మూసి, తడకలు దించి, పొద్దు వాలి సముద్రపు గాలి తిరిగాక అన్నీ తెరవండి. పై అంతస్తు గదుల్లో స్లాబు రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది. డాబా మీద రెండు పూతలు తెల్లసున్నం వేయించి, సాయంత్రం కాసిన్ని నీళ్లు చల్లితే ఆ తేడా ఆ రాత్రే తెలుస్తుంది.

తీరప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. మైదాన ప్రాంతాలకు ఆ హద్దు 40 డిగ్రీలు. గాలి వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒక్కదాని మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ఎందుకంటే అప్పుడు అది ఒంటికి వేడినే తోస్తుంది. అటువంటి మధ్యాహ్నాల్లో, ముఖ్యంగా రోహిణీ కార్తెలో, ముసలివారికి, చంటిపిల్లలకు తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, ఆ తడి ఆరేలా ఫ్యాను తిప్పండి. మజ్జిగ, చోడి (రాగి) అంబలి, గంజి వంటివి తరచూ తాగించండి. ఓఆర్‌ఎస్ పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కలపండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా నోట్లో నీళ్లు పోయకుండా 108కి ఫోన్ చేసి, వాహనం వచ్చేలోగా నీడకు చేర్చి, తడిబట్టలు కప్పి గాలి తగిలేలా చూడండి.

తరువాత చూసుకోవలసినవి

కొత్త ఫ్యాను బిగించిన వారానికి ఒకసారి రెక్కల స్క్రూలు మళ్లీ బిగించండి, మొదటి రోజుల వణుకుకు అవి కొంత వదులవుతాయి. ఏడాదికి ఒకసారి, ఎండలు మొదలయ్యే ముందు, మెయిన్ దించి రెండు కప్పులూ జరిపి పిన్నుల కాళ్లు విరగకుండా ఉన్నాయో, బుష్షు పగిలిందో చూడండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు పైకప్పులు కదిలి, స్లాబుల్లోకి నీళ్లు దిగిన ఇళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నాయి. తుపాను తరువాత కరెంటు తిరిగి రాగానే ఫ్యాను వేసేయకుండా, కప్పు జరిపి తడి ఉందేమో చూసి, తడి ఉంటే పూర్తిగా ఆరేదాకా ఆగి, కొక్కెం చుట్టూ సిమెంటును గీకి చూశాకే స్విచ్ వేయండి.